తాడు చివర

ఆటోనగర్లో మీరావలి షెడ్డు ముందు
పాత లారీ కమానుపట్టా ఎర్రగా కాలుతోంది.
"లంగరా? ఎన్ని కిలోలమ్మా?" అన్నాడు
నేను లడ్డూలు ఆర్డరిస్తున్నట్టు.
ఆరు కిలోలు. నాలుగు గోళ్ళు.
లారీ కింద ఎన్ని ఊళ్ళు తిరిగిందో ఆ ఇనుము,
ఇక ఒకేచోట ఉండటం నేర్చుకోవాలి.

గొలుసు వన్ టౌన్లో కొన్నాను, మూడు బారలు.
కొట్టాయన చేతులు చాపి కొలిచి
రెండు లంకెలు కొసరు వేశాడు.
బొటనవేలంత షాకిల్ ఒకటి.
తాడు మాత్రం నాకు నచ్చిన రంగు: నీలం.

సీతానగరం ఒడ్డున కొక్కిలిగడ్డ పోలేరయ్య
ఆ నీలం తాడుని చూసి బీడీ ఆర్పేశాడు.
"ఇది గేదెకి కట్టుకో.
నీళ్ళ మీద తేలుద్ది, పక్కోడి ఇంజను ఫ్యానుకి చుట్టుకుంటుద్ది.
నైలాన్ తే. తెల్లది.
గాలి గుంజినప్పుడు సాగాల తాడు.
సాగనిది తెగుద్ది. తెగకపోతే పడవ ముక్కు పీకుద్ది."

తెచ్చాను.
తాడు కొసని మడిచి కన్ను చేశాడు,
కన్ను లోపల వంపు రేకు పెట్టాడు, ఇనప కాటుక.
షాకిల్ మర బిగించి
దాని చెవిలోంచి బైండింగ్ వైరు దూర్చి మెలేశాడు.
"నీళ్ళకి పనేం లేదు, రాత్రంతా మరలిప్పుతా కూచుంటాయి."

తరవాత ముడి నేర్పాడు.
రింగు చుట్టూ రెండు చుట్లు,
కొసని ఆ చుట్ల కిందనుంచే దూర్చి,
ఆపైన ఒక సగం ముడి, ఉమ్ము రాసి బిగింపు.
నేను వేస్తే పీటముడి పడింది.
పళ్ళతో విప్పుతుంటే చూసి నవ్వాడు.
"మంచి ముడో కాదో ఏసినప్పుడు తెలీదు తల్లీ,
తడిసి, తెల్లార్లూ లాగి,
పొద్దున ఇప్పేటప్పుడు తెలుద్ది."

"లోతెంత?"
"రెండు బారలు."
"అయితే పది బారలు వదులు. గాలుంటే పద్నాలుగు.
నిలువునా లాగితే ఏ లంగరైనా లేసొచ్చేస్తది,
పడుకోబెట్టి లాగితేనే నేలని కరుచుకుంటది."
గుణదల బళ్ళో ఇరవయ్యేళ్ళుగా కోణాలు చెబుతున్నాను.
ఈ కోణం తట్టలేదు.

ఆగస్టు సాయంత్రం, ఒంటరిగా మొదటిసారి.
భవానీ ద్వీపం వెనక, గాలికి చాటుగా,
ఎరువు సంచులు కుట్టిన తెరచాప దించాను.
బ్యారేజీ గేట్లు అడుగు ఎత్తారని మధ్యాహ్నమే విన్నాను.
లంగరు వదిలాను.
గొలుసు గలగలా దిగింది,
దాని వెంట తాడు, తెల్లగా, అందంగా,
నేను మురిసిపోతూ బారలు లెక్కపెడుతున్నాను,
తొమ్మిది, పది, పదకొండు,
పద్నాలుగోది బల్లి తోకలా ఎగిరి
నీళ్ళలోకి పోయింది.

తాడు రెండో చివర పడవకి కట్టలేదు.

ఏరు మెల్లగా లాగుతోంది, చప్పుడు లేకుండా,
పిలవకుండానే తూర్పుకి.
పడవ అడుగున ఇసక మూట ఉంది, బరువు కోసం వేసింది.
గేదె తాడు ఉంది.
చేతులు వణుకుతున్నాయి కానీ వేళ్ళకి గుర్తుంది:
రెండు చుట్లు, కిందనుంచి, సగం ముడి.
ఈసారి ముందు పడవకి కట్టాను,
కొమ్ముల బిళ్ళ మీద ఎనిమిది అంకె, మళ్ళీ ఎనిమిది.
తరవాతే మూట దించాను.

ఇబ్రహీంపట్నం పొగగొట్టం, లంక మీద మొండి తాడి
రెండూ ఒకే గీతలో ఉంటే నిలబడ్డట్టు.
వేలెడు విడిపోయాయి.
రెండు వేళ్ళు.
ఆ తరవాత
విడిపోలేదు.
చీకటి పడ్డాక పొగగొట్టం మీది ఎర్రదీపాన్ని చూస్తూ
ఊపిరి కూడా అటూ ఇటూ కదలకుండా పీల్చాను.

పోలేరయ్య ఎనిమిదింటికి వచ్చాడు.
నీలం తాడుని చూశాడు, నా మొహం చూశాడు,
అడగాల్సింది అడగలేదు.
బీడీ మాత్రం ముట్టించాడు.

పొద్దున మూట పైకి లాగి ముడి మీద బొటనవేలు పెట్టాను.
తడి ముడి, రాత్రంతా లాగిన ముడి,
బఠాణీ కాయలా విచ్చుకుంది.

లంగరు అక్కడే ఉంది, ద్వీపం వెనక ఒండ్రులో,
బుద్ధిగా, ఒకేచోట.
మీరావలి రెండోదానికి
రూపాయి తగ్గించలేదు.