ఇరవై డిగ్రీలు

పొట్లం మీద రాసుంది: ఇరవై డిగ్రీలు.
పెరంబూరులో, కత్తెర ఎండల్లో
కుళాయి విప్పితే ముప్పైనాలుగు.
అదీ నీళ్ల లారీ వచ్చిన రోజైతేనే.

అందుకని పొద్దున్నే చేపల బజారుకి.
వంజరం వద్దన్నానని మూతి ముడిచింది సెల్లమ్మ,
ఐసు మాత్రం రెండు దోసిళ్లు పోసింది సంచిలో.
"మందుకా?" అంది, గొంతు తగ్గించి.
మందుకే అన్నాను.
అబద్ధం కాదు.

టబ్బులో ఐసు, ఐసులో సీసా, సీసాలో థర్మామీటరు.
ఎర్రగీత దిగుతోంది
మేడమీది మామ్మ మెట్లు దిగినట్టు,
ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, మోకాలు తడుముకుని.

"చీకట్లో కళ్లు తెరవకు.
కళ్లు తెరిస్తే చేతులు బద్ధకిస్తాయి."
దామోదరం గారి మాట.
చూళైలో ఆయన స్టూడియో ఇప్పుడు ఫోన్ కవర్ల కొట్టు.
ఆయన వేళ్లకి మాత్రం ఇంకా
పులిసిన చింతపండు నీళ్ల వాసన.

తలుపు కింద దుప్పటి కుక్కి
వెంటిలేటరుకి నల్ల లంగా కట్టి
బకెట్ బోర్లించి కూర్చున్నాను.
మూడు చుట్లు ఎక్కింది ఫిల్ము. నాలుగో చుట్టు మొరాయించింది.
చెమట మోచేతి దాకా వచ్చి ఆలోచిస్తోంది,
పడనా వద్దా అని.
విప్పి, మళ్లీ మొదటికి.
ఎవరో బెల్లు కొట్టారు. కొట్టి కొట్టి వెళ్లిపోయారు.
నలభై నిమిషాలు.
రెండు జడలు వేసుకోవడం కూడా ఇంత తొందరగా నేర్చుకోలేదు నేను.

మొదటి రీలు సంగతి చెప్పలేదు కదూ.
రెండు సీసాలూ ఒకటే సైజు, చీటీ అంటించలేదు.
ముందు ఫిక్సర్ పోశాను.
ముప్పైయారు బొమ్మలూ గాజులా బయటికొచ్చాయి.
ఎత్తి పట్టుకుంటే అందులోంచి
ఎదురింటి బట్టల తీగ కనబడింది, ఎంతో స్పష్టంగా.

ఫోన్ చేస్తే ఆయన నవ్వలేదు.
"ఏమేం తీశావో చెప్పు" అన్నారు.
వర్క్‌షాపు గేటు దగ్గర సైకిళ్ల వరస,
బేసిన్ బ్రిడ్జి మీద రైలు కిటికీలోంచి ఒక చెయ్యి,
ఇస్త్రీ బండి ఆదెప్ప, బొగ్గు ఊదుతూ...
పదిహేడు గుర్తొచ్చాయి.
"మిగతావి అక్కర్లేనివే అయ్యుంటాయిలే."
నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు సీసాల మీద ఎర్ర పెన్నుతో:
ముందు. తర్వాత.

నిమిషానికి నాలుగుసార్లు తలకిందులు చెయ్యి,
గచ్చుకేసి మెల్లగా కొట్టు, బుడగలు పోతాయి.
ఎనిమిదిన్నర నిమిషాలు.
ఐసు తొందరపడుతోంది, గడియారం పడడం లేదు.

మూత తీశాను.
ఉన్నాయి!
ఊదారంగు తడిలో, గోరంత గోరంత గళ్లలో,
ఎవరో నన్ను నమ్మి కూర్చున్నట్టు.

క్లిప్పు పెట్టి షవరుకి వేలాడదీశాను.
దుమ్ము లేస్తుందని ఫ్యాను వెయ్యలేదు.
తెల్లారేసరికి ఫిల్ము ఆరింది,
నేను ఆరలేదు.

రిచీ స్ట్రీటులో కొన్న పాత స్కానరు
మూలుగుతూ పాకుతుంది, పట్టీ పట్టీకీ ఆయాసం.
ఇరవై రెండో గడి:
దామోదరం గారు, మెట్టు మీద.
ఇంకా తిరగెయ్యని బొమ్మలో
ఆయన జుట్టు నల్లన, నిగనిగలాడుతూ.
చొక్కా నల్లన. పళ్లు నల్లన.
నీడ ఒక్కటే తెల్లగా, పక్కన పాలు ఒలికినట్టు.
మీట మీద వేలు ఆనించి ఉంచాను.
నొక్కితే డెబ్భైయారేళ్లు.

టీ పెట్టుకుని వచ్చాను.
నొక్కాను.

ఆకాశంలో, ఆయన చెవికి కాస్త పైన
గుండ్రటి మరక, నీళ్ల ఉప్పు.
చివరి కడుగుడుకి బ్యాటరీ నీళ్లు వాడమన్నారు, మర్చిపోయాను.
చెరిపెయ్యొచ్చు, రెండు నొక్కుల పని.
అలాగే పంపాను.

రాత్రి పదకొండింటికి జవాబు:
"మరక ఉండనీ.
జుట్టు మరీ తెల్లగా వచ్చింది,
వెలుగు ఎక్కువిచ్చావు."

టబ్బులో నీళ్లు కరివేపాకు కుండీకి పోశాను.
మర్నాడంతా దాని చుట్టూ పిల్లి.