దిగే విద్య

మా కొండకు నూట అరవై మూడు మెట్లు.
పాతికేళ్లు రొట్టెల బుట్ట మోసిన మోకాళ్లతో చెబుతున్నాను,
లెక్క తప్పదు.
వల్పరాయిసో ఊరంతా ఇంతే,
సముద్రాన్ని చూడాలని ఇళ్లన్నీ
ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి నిలబడ్డట్టుంటాయి.

పై మలుపులో నిబాల్డో షెడ్డు.
కొండ ఎక్కించే తాళ్ల రైలును ముప్పై ఏళ్లు నడిపాడు.
రైలు ఆగిపోయింది. చేతులు ఆగలేదు.
పాత బస్సుల వైపర్ మోటార్లు,
విరిగిన గొడుగుల ఊచలు,
కూరగాయల కాటాల్లోంచి పీకిన బరువు సెన్సర్లు, కాలికొకటి,
లైబ్రరీలో పిల్లలు ప్రింటు తీసిచ్చిన నారింజ రంగు కీళ్లు.
ఆరు కాళ్లు. పేరు పీత.
పీత కష్టాలు పీతవి:
మొదటి రోజు మూడు మెట్లెక్కి వెల్లకిలా పడింది,
కాళ్లు మాత్రం ఆకాశంలో నడుస్తూనే ఉన్నాయి.

చలికాలం పోయేసరికి
వీపున పది కిలోల రొట్టెలతో
నూట అరవై మూడో మెట్టు మీద నిలబడి బీప్ అంది.
వీధంతా చప్పట్లు, కుక్కలు తప్ప.
అప్పుడు తెలిసింది దానికి దిగడం రాదని.
పసిబిడ్డలా చంకనేసుకుని దింపాడు,
మెట్టుకో తిట్టు.

ఎదెల్మీరా ముందే చెప్పింది.
సర్క్యూట్లు గీసింది ఆమె, టంకం పట్టింది ఆమె.
"ఎక్కడానికి మోటారు చాలు. ముందు దిగడం నేర్పుదాం" అంది.
అతను నవ్వాడు. పిల్లల ముందు నవ్వాడు.
టంకం కడ్డీ చల్లారేదాకా కూర్చుని
దాన్ని గుడ్డలో చుట్టుకుని
కిందికి, పన్నెండో మెట్టు పక్కనున్న తన ఇంటికి వెళ్లిపోయింది.
ఆ తర్వాత ఏడు నెలలు
నిబాల్డో ఒక్క మెట్టు దిగలేదు.
మాటవరసకు కాదు. రేవుకెళ్లాలన్నా
వెనక మట్టిదారిన కొండ చుట్టూ తిరిగి వెళ్లేవాడు.

పీతను ముందుకు వంచి చూశాడు, దొర్లింది.
కెమెరాకు కింది శూన్యం కనపడగానే
మేకులు కొట్టినట్టు బిగుసుకుపోయేది.
రెండు కీళ్లు విరిగాయి.
ఆ వారం నీటికాకులకు నా రొట్టెలతో పండగ.

నాకు మోటార్లు తెలియవు, పిండి తెలుసు.
మా నాన్న ఓడలో వంటవాడు.
నిలువు నిచ్చెన దిగేటప్పుడు
ముఖం నిచ్చెనకేసి, వీపు సముద్రానికేసి.
"కిందేముందో కంటితో చూడకు,
కాలితో అడుగు" అనేవాడు.
ఆ మాట షెడ్డులో చెప్పి, డబ్బులు తీసుకుని వచ్చేశాను.

రెండు రాత్రులు అక్కడ దీపం ఆరలేదు.
మూడోనాటి పొద్దున ఖాళీ బుట్ట కోసం కింద నిలబడ్డాను.
పొగమంచులోంచి ముందుగా కనిపించినవి రెండు వీపులు.
పీత వెనక్కి దిగుతోంది,
పాకే పిల్ల మంచం దిగినట్టు.
వెనక కాలు చాపి, గాలిలో వెతికి,
రాయి తగిలాక దాన్ని కాసేపు తూచి,
అప్పుడు నమ్మి బరువు దించుతోంది.
దానికన్నా ఒక మెట్టు కింద నిబాల్డో,
పడితే పట్టుకోవాలని రెండు చేతులూ చాచి,
తనూ వెనక్కే.
ఎన్ని మెట్లు దిగాడో చూసుకోలేదు.

పన్నెండో మెట్టు దగ్గర అతని వీపుకి
చీపురు కర్ర తగిలింది.
పీత ఒక కాలు గాలిలో ఉంచి ఆగింది.
అతనూ ఆగాడు.
ఎదెల్మీరా అతన్ని చూడలేదు.
వంగి, పీత కడుపు కింద తొంగి చూసి,
"ఈ తీగకు టంకం పట్టిందెవరు?" అంది.
"నేనే."
"తెలుస్తూనే ఉంది."
చీపురు గోడకానించి లోపలికి వెళ్లింది.
తలుపు వేయలేదు.
కాసేపటికి కాలిన రోజనం వాసన
మెట్ల మీదుగా నా దాకా వచ్చింది.

నా బుట్ట మాత్రం
ఇంకా పన్నెండు మెట్లు పైనే ఉంది.