చాకలి గుర్తు

పిమ్లికోలో మా కొట్టు.
ముందుగదిలో ఆవిరి, వెనకగదిలో ఆవిరి,
మధ్యలో తీగకు వేలాడుతూ
మనుషుల్లేని భుజాలు.

మా తాత జీడిగింజ గుచ్చి
ఊరందరి బట్టలకీ గుర్తులు పెట్టేవాడు.
రెండు చుక్కలు కరణం గారికి,
చుక్కా గీతా కంసాలింటికి.
గుడ్డ చిరిగినా గుర్తు పోదనేవాడు.
నేను కాగితం చీటీ పిన్నుతో గుచ్చుతాను.
అంతే తేడా.

పదకొండేళ్ళ కిందట నది మీద, పడవల రేవులో
పొద్దున ఎనిమిదీ పదికి ఆ సంచి పేలినప్పుడు
ఒక మనిషిని గుర్తుపట్టించింది
ముఖం కాదు, వేలిముద్ర కాదు,
కాలరు లోపల ఆయన తియ్యడం మరిచిన
నా చీటీ.
నాలుగు నాలుగు ఒకటి ఏడు.
బూడిదరంగు కోటు. కుడి మోచేతి దగ్గర రఫ్ఫు.
పోలీసులొచ్చి రసీదు పుస్తకం అడిగారు.
ఎమ్రిస్ ప్రాసర్ అని నా చేతిరాతలోనే ఉంది,
పక్కన: బాకీ లేదు.

ఈ మంగళవారం ఆయన భార్య గ్లెనిస్
ఆ కోటు పట్టుకొచ్చింది.
సాక్ష్యమని ఇన్నాళ్ళూ అట్టపెట్టెలో దాచి
ఇక అక్కర్లేదని ఇచ్చేశారట.
ఎడమపక్కంతా మాడింది.
సంచి పంపినవాడి పేరు తెలుసు, ఉండే వీధి తెలుసు,
ఆ వీధి ఏ దేశంలో ఉందో
ఇక్కడ అందరికీ తెలుసు.
కళ్ళజోడు మరిచానని అబద్ధమాడి
విదేశాంగ శాఖ ఉత్తరం నాతో చదివించింది:
"తీవ్రంగా విచారిస్తున్నాం... ప్రస్తుతానికి...
సున్నితమైన సంబంధాల దృష్ట్యా..."
"ప్రస్తుతమంటే ఎన్నేళ్ళు?" అంది.
నా దగ్గర జవాబుంటుందని కాదు.
"ఉతకొద్దు. గుండీ ఒక్కటి కుట్టు."

అదే సాయంత్రం, కొట్టు మూయబోతుంటే
ఆ శాఖ నుంచే ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు,
చేతి మీద పెద్దాయన నల్ల తోకకోటు.
రేపు రాత్రి విందు. రొమ్ము మీద సాస్ మరక.
"పోతుందా?"
పోతుంది. ఈ చుట్టుపక్కల
పోని మరకంటూ నేను చూళ్ళేదు.

జేబులో దొరికింది కవర్లో పెట్టి ఇచ్చెయ్యాలి,
అది మా ధర్మం. దొరికింది:
ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పే బల్ల పటం.
ఈ కోటు పక్క కుర్చీలో
ఆ దేశపు రాయబారి.
వెనక పెన్సిలుతో, పొందికైన అక్షరాల్లో:
గుర్రాల సంగతి ఎత్తాలి.
గ్యాసు ఒప్పందం, తీపి వడ్డించాక.
రేవు మాట వద్దు.

నోరు నవ్వుతుంటే నొసలు వెక్కిరించడమంటారు మావాళ్ళు.
ఇక్కడ నొసటికి కూడా ఇస్త్రీ చేస్తారు.

రాత్రంతా ఒకే తీగ మీద రెండు కోట్లు.
ఫ్యాను గాలికి ఒకదాని చెయ్యి
ఇంకోదాన్ని తాకుతోంది.
లేచి వెళ్ళి ఎడంగా జరిపాను.
పడుకోబోయి, మళ్ళీ లేచి
దగ్గరికే జరిపాను.

నేను చేసింది చెబుతాను, గొప్పేం కాదు.
కాగితం కవర్లో పెట్టాను. మరక తీశాను.
డబ్బు పుచ్చుకుని చిల్లరిచ్చాను.
ఒక్కటే, తోకకోటు కాలరు లోపల
మెడకి తగిలే చోట
ఎన్ని ఉతుకులకీ పోని సిరాతో
నాలుగంకెలు రాశాను.
ఆ విందులో ఆయనకి దురద పెట్టిందో లేదో
పేపర్లో రాదు.
ఫొటో వచ్చింది. నవ్వుతున్నాడు. మరక లేదు.

శుక్రవారం గ్లెనిస్ వచ్చి గుండీ లాగి చూసింది.
రసీదు రాశాను.
చివరి గడి దగ్గర చెయ్యి ఆగింది,
ఖాళీగానే చించి ఇచ్చాను.
ఆవిడ ఏమీ అడగలేదు, మడిచి పర్సులో పెట్టుకుంది.

ప్రతి శనివారంలాగే ఇవాళా
ఆ శాఖ మెట్లకెదురుగా మడతకుర్చీ వేసుకుంది.
ఆయన కోటు తొడుక్కుంది.
చేతులు పొడుగైతే రెండు మడతలు పెట్టింది.
సన్నగా వాన.
తడిస్తే ఆ మాడిన వాసన లేస్తుంది,
మెట్లు దిగేవాళ్ళు ఒక్క క్షణం తల తిప్పుతారు
ఎక్కడిదా అని.