మూత లోపలి తేదీలు

ఒకాయా ఊళ్లో ఫిబ్రవరి.
సువా సరస్సు మీద మంచు రాత్రంతా పళ్లు కొరికింది.
తెల్లారకముందే పాత సామాన్ల సంత.
టార్చి పట్టుకుని వంగాను:
విరిగిన దువ్వెనలు, ఎవరివో కళ్లద్దాలు,
పొట్లంలో బొత్తాలు,
వాటి మధ్య వెండి మొహంతో
నాలుగూ పదికి ఆగిపోయిన వాచీ.

పల్చనిది.
చొక్కా చేతి కింద దూరితే ఉందో లేదో తెలియదు.
పెళ్లికో చావుకో తప్ప గడప దాటని జాతి.
ముఖాన అంకెల్లేవు,
పన్నెండు గీతలు, అప్పుడే కత్తిరించిన గోళ్లలా.

వెనక్కి తిప్పాను.
"హొషినా తొకుజో గారికి, ఇరవై ఏళ్ల సేవకు.
మినొవా పట్టునూలు మిల్లు, షోవా 39."

"పేరుంది కదా, అందుకే చవక"
అన్నాడు అమ్మేవాడు, పొయ్యి మీద చేతులు కాచుకుంటూ.
"ఇంకొకడి పేరు ఎవరు కట్టుకుంటారు చేతికి?"
ఎనిమిది వేల యెన్లు. బేరమాడలేదు.

ఇంట్లో ఇప్పటికే ముప్పై ఒకటి ఉన్నాయి.
కట్టుడు పళ్లు చేసే పని నాది.
పగలంతా ఎవరి నోటికో సరిపడేలా అరగదీస్తాను,
రాత్రి వీటి ముందు కూర్చుంటాను.
"ఇన్ని పెట్టుకుని ఒక్క బస్సూ టైముకి ఎక్కవేం?"
అంటుంది మా చెల్లెలు చిజురు.
నిజమే.
ఆదివారం ఒక్కదానికే కీ ఇస్తాను.
ఈసారి ఎవరిదో ముందుగా చెప్పను వాటికి.

కుమగాయి గారికి ఎనభై నాలుగు.
వణికే వేళ్లు పనిముట్టు తగలగానే ఊరుకుంటాయి.
"పేరు అరగదీసేయనా? అద్దంలా అవుతుంది."
వద్దన్నాను.

మూత తెరిచాడు.
లోపల సూదిమొనతో గీసిన తేదీలు,
బాగుచేసిన ప్రతివాడూ పెట్టిపోయే దొంగ సంతకాలు.
42, 45, 48. వాలుగా.
"మా గురువుగారివి. కోపమొస్తే అంకెలు కూడా పక్కకి ఒరిగేవి."
51, 54, 57. నిటారుగా.
ఏమీ అనలేదు.
కంటి లెన్సు తీసి, తుడిచి, మళ్లీ బిగించాడు.
"నావి."

మనిషి మొహం గుర్తులేదట.
ఎడమచేతి వాటం, కుడి మణికట్టుకి కట్టేవాడు.
వచ్చినప్పుడల్లా ఒకటే మాట:
"కొంచెం ముందు పరిగెత్తనివ్వు బాబూ,
రోజుకి పదకొండు సెకన్లు చాలు."
ఎందుకని అడగలేదు.
తప్పు నడిచే వాచీ నా చేతి మీదుగా పోవడం నామోషీ అప్పట్లో.
ఒకసారి చెప్పకుండా సరిచేసి పంపాను.
వారం తిరక్కుండా తెచ్చాడు.
రేడియో గంటతో సరిపోతోందట, అదీ ఫిర్యాదు.
బల్ల మీద పెట్టి అలా నిలబడ్డాడు.

57 కింద నలభై రెండేళ్ల ఖాళీ.

మూడు వారాలకి ఫోన్ వచ్చింది.
చెవి దగ్గర పెట్టుకున్నాను.
టిక్కుటిక్కు కాదు,
చేటలో నూకలు జారుతున్నట్టు.
పరీక్షించే యంత్రం కాగితం మీద గీత పైకి ఎక్కుతోంది,
రోజుకి పదకొండు ముందు.
"సరిచేయలేదా?"
"చేశాను కదా" అన్నాడు.

మూత లోపల రేవా 6,
కాస్త వణికింది.
కింద చోటు వదిలాడు,
రెండు తేదీలు పడతాయి,
చిన్నగా రాస్తే మూడు.

రసీదు మీద పేరు దగ్గర
హొషినా అని రాసిచ్చాడు.
నేను దిద్దలేదు.