రంగు పట్టిన చోట

హోసూరు రోడ్డు వైపు కిటికీ తెరుచుకోదు.
పొద్దున్నే ఏసీ వేసి
మైనపు దిమ్మల్ని మంచుపలక మీద పరుస్తాను.
ఒక్కో దిమ్మలో గోరంత మనిషి.

మూడు మైక్రాన్లు.
ఉల్లిపొర దీని ముందు గోనెపట్టా.
కత్తి మీంచి రిబ్బనులా జారి
గోరువెచ్చని నీళ్ళ మీద ముడతలు విప్పుకుంటుంది.
దగ్గొస్తే పక్కకు తిరగాలి,
ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది
ఎవరిదో ఎడమ రొమ్ము.

తర్వాత ప్రెషర్ కుక్కరు.
నిజంగానే. ఇంట్లో పప్పుకి వాడేదే, ఐదు లీటర్లది.
మూడు విజిళ్ళకి
ఫార్మలిన్లో మూతులు బిగించుకున్న ప్రోటీన్లు
నోరు తెరుస్తాయి.
ఒక్కో స్లైడు మీద ఒక్కో ప్రశ్న, బొట్టుగా వేస్తాను.
ఒప్పుకోలు ఎప్పుడూ గోధుమ రంగే.

మొదటి ఏడాదంతా నాకు ఇక్కడే తికమక.
ఈస్ట్రోజెన్ స్లైడు గోధుమరంగైతే
డాక్టర్ వినుత గారు కుర్చీలో వెనక్కి వాలతారు:
మాత్రలకి లొంగుతుంది.
కె.ఐ. అరవై ఏడు గోధుమరంగైతే
కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటారు:
కణాలు పరుగు మీదున్నాయి.
హెర్-టూ ముదురుగా పడితే
ఒకప్పుడు గదిలో ఎవరూ మాట్లాడేవారు కాదట.
ఇప్పుడు మందుంది. డబ్బుందా అని అడుగుతారు.
అదే సీసా, అదే రంగు.

కె.ఐ. స్లైడు అంచున ఇంకో ముక్క ఉంటుంది,
పేషెంటుది కాదు.
రెండువేల ఏడులో ఎవరో పిల్లాడికి తీసేసిన టాన్సిల్.
రంగు పనిచేసిందని సాక్ష్యం చెప్పడానికి.
వాడికిప్పుడు మీసాలొచ్చి ఉంటాయి.
సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర
నా బస్సు పక్కనే హారన్ కొడుతుంటాడేమో,
తన గొంతులో ముక్క
ఇంతమంది తలరాతల పక్కన
ఒట్టేసి నిలబడుతోందని తెలీక.

మొన్న బుధవారం
రిపోర్టుల కౌంటరు దగ్గర ఓబుళమ్మ.
ధర్మవరం. రాత్రి ప్యాసింజర్లో వచ్చింది.
అరచేతి గీతల్లో దిగబడిపోయిన
ముప్పై ఏళ్ళ పట్టునూలు రంగు.
"ముక్కని రంగుకి పంపినామన్నారు.
నువ్వేనా నాయనా రంగేసేది?"
అవునన్నాను.
"సమంగా పట్టిండాదా?"

ఆ మాట నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు,
డాక్టర్లు కూడా.
టెక్నీషియన్ నోరు విప్పకూడదని రూలు.
లేదన్నాను. అక్కడక్కడా వదిలేసిందన్నాను.
తలాడించింది,
పనివాడి మాటకి పనిమనిషి కాదు, పనిమంతురాలు ఆడించినట్టు.
"పట్టని పోగు ఎప్పుడూ ఉంటాది.
ఎంత ఉడకేసినా పట్టదు.
దాన్నే సూసుకోవాల."

సాయంత్రం అందరూ వెళ్ళాక
ఆమె స్లైడు మళ్ళీ పెట్టాను.
లెక్కమీట నొక్కుతూ ఐదువందల కణాలు.
నా పని కాదు. డాక్టరమ్మ ఎప్పుడో సంతకం పెట్టేశారు, పద్దెనిమిది శాతం.
నాకు పంతొమ్మిది వచ్చింది. మళ్ళీ లెక్కిస్తే పదిహేడు.
ఇరవై దగ్గర ఎవరో ఎక్కడో గీసిన గీత.
దానికి ఐదు కణాల ఇవతల ఓబుళమ్మ
ఒకసారి, పదిహేను కణాల ఇవతల ఇంకోసారి.

ఆ తర్వాత ఈస్ట్రోజెన్ స్లైడు తీసి
రంగు పట్టినవి వదిలేసి
నీలంగా మిగిలిన వాటినే చూస్తూ కూర్చున్నాను.
ఒక మూల గుంపుగా, పక్కపక్కనే, ఏమీ అననట్టు.
ఫారంలో వాటికి గడి లేదు.

కుక్కరు గ్యాస్కెట్ మార్చాలి.
రేపటికి పదకొండు దిమ్మలున్నాయి.