పదకొండు నలభైకి వెనక్కి

ఉదయం ఏడు కాకముందే మద్లైనా
పశువుల కొట్టం వెనక తెల్ల చెక్కపలక మీద
రాత్రి పడ్డ మంచులో కొలబద్ద గుచ్చుతుంది.
ముప్ఫై నాలుగు చలికాలాలుగా ఇదే పని.
ఇరవై రెండు సెంటీమీటర్లు, అని రాసుకుని
పలకని చీపురుతో ఊడ్చేసి
రేపటికి ఖాళీ చేసి పెడుతుంది.

"ఎంత పడిందని చంటిపిల్లలు అడుగుతారు.
దేనిమీద పడింది?
పడ్డాక గాలి దాన్ని ఎక్కడికి మోసింది?
నువ్వు అడగాల్సినవి అవి, డూరీ."

డూరీ అంటే నేను.
పందొమ్మిదేళ్లు. ఎంగడీన్ లోయ మొత్తంలో
నాకన్నా వేగంగా దిగేవాడు లేడని
ఎవరూ అడక్కుండానే చెప్పుకునే రోజులు.

ముందురోజంతా దక్షిణపు గాలి.
పొరుగింటి బార్బ్లా నుదుటికి తడిగుడ్డ చుట్టుకుని
కిటికీలు మూయమని కేకలేసింది.
శిఖరం చుట్ట తాగుతున్నట్టు
అంచునుంచి తెల్లటి పొగ సాగింది ఉత్తరానికి.
అది పొగ కాదు,
ఇటు వాలు నుంచి దొంగిలించిన మంచు;
అటు వాలులో దాస్తోంది.

తెల్లారేసరికి గాలి లేదు. ఆకాశం కడిగిన పింగాణీ.
ఇలాంటి రోజు కోసమే కదా
పండగల్లేకుండా అక్టోబరు నుంచి కాళ్లు సానబెట్టుకుంది!

ఆమె మాత్రం వాలు అంచున ఆగి పార తీసింది.
ఛాతీ లోతు తవ్వి, గోడని నున్నగా చెక్కి,
చేతొడుగు విప్పమంది.
పైపొరలో పిడికిలి దిగింది.
దాని కింద నాలుగు వేళ్లు, ఇంకా కింద ఒక్క వేలు.
తర్వాత పెన్సిల్ ముక్క, అదీ కష్టంమీద:
జనవరిలో దారితప్పి వచ్చిన వాన అక్కడ గడ్డకట్టింది.
దాన్నీ దాటితే
మళ్లీ పిడికిలి. మణికట్టు దాకా. గుల్ల.

గుప్పెడు తీసి నా అరచేతిలో పోసింది.
పంచదార.
ఎంత నొక్కినా ముద్ద కాదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది.
నవంబరులో పలచగా పడి
మబ్బులేని రాత్రుళ్లు ఒంటరిగా వణికిన మంచు ఇది,
పక్కదానితో చెయ్యి కలపడం మర్చిపోయింది.
పైన మీటరు బరువు మోస్తోంది.

దిమ్మ ఒకటి కోసి, పార ఆనించి,
మణికట్టుతో పది దెబ్బలు కొట్టింది. ఏమీ లేదు.
మోచేతితో ఒకటి, రెండు.
మూడోదానికి దిమ్మ పైభాగం మొత్తం
సబ్బు రాసిన సొరుగులా జారి
ఆమె ఒళ్లోకి వచ్చింది.

నేనేదో అనబోయి స్కీ ఒక అడుగు పక్కకి వేశాను.
అప్పుడు వాలు మూలిగింది,
హుఁఫ్,
పడుకున్న ఎద్దు ఊపిరి వదిలినట్టు,
నా పాదాల కింద నుంచి అవతల దేవదారుల దాకా.
గడియారం చూసి ఆమె పుస్తకంలో రాసింది:
పదకొండు నలభై. వెనక్కి.

సగం దూరం దిగామో లేదో
పైనుంచి కేకలు. బయటూరి కుర్రాళ్లిద్దరు
అదే వాలు మీద, మా గొయ్యి పక్కనుంచే,
రెండు జడల్లాంటి గీతలు గీసుకుంటూ దిగారు.
ఏమీ కాలేదు.
చప్పుడైనా లేదు.
నాకు చెవులు మండాయి.

"చూశావా?" అన్నాను.
ఎండుబేరి రొట్టె తుంచి నాకో ముక్క ఇచ్చి,
"చూశాను" అంది.
రొట్టె నమిలి మింగేదాకా ఇంకేం అనలేదు.
"కొండ ఎవరి పేపరూ దిద్దదు, డూరీ.
నీకు ఎన్ని మార్కులొచ్చాయో నీకెప్పటికీ తెలీదు."

ఆ వాలు ఆ ఏడాది జారనేలేదు.
మే నెలలో నీరై, వాగై, చప్పగా వెళ్లిపోయింది.
గొయ్యి తవ్విన చోట పచ్చగడ్డి.
ఆ రోజు మాది జాగ్రత్తో భయమో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

మద్లైనా మోకాలు ఇప్పుడు మెట్లు ఎక్కనివ్వదు.
పలక నేను కొలుస్తాను.
"ముప్ఫై ఒకటి!" అని కొట్టం దగ్గర్నుంచి అరుస్తాను.
పై కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంటుంది.

"దేనిమీద?"