దుమ్మా, నీడా

బాంటయాన్ దీవిలో వెనెరాందా
పగలు ఎండుచేపలు ఏరుతుంది.
తోక తెగినవి ఒక తట్టలోకి,
ఉప్పు ఎక్కువ పట్టినవి మరో తట్టలోకి,
ఎండ సరిగ్గా తాకినవి మాత్రం మనీలా పడవకు.
తట్టలు మోసేవాణ్ణి నేను.
రాత్రి కూడా ఆమెకు మోసేది నేనే:
ఎనిమిది అంగుళాల గొట్టం, దాని ఇనుప కాళ్ళు,
పాత లాప్‌టాప్, మోటార్‌సైకిల్ బ్యాటరీ.

సాయంత్రమే బయట పెట్టమంటుంది.
"అద్దానికి ఇంటి వేడి వదలాలి.
చెమటతో వచ్చినవాడు వెంటనే అన్నానికి కూర్చుంటాడా?"

మొదట్లో ఈమెకు చీకటి కావాలి కాబోలనుకున్నాను.
వీధి దీపానికి గోనె కప్పబోతే నవ్వింది.
"దీపాలు ఉండనీ. పండగ చేసుకోనీ.
నాకు కావలసింది చీకటి కాదు, కదలని గాలి.
చుక్కలు మిలమిలలాడే రాత్రి పాటలకు మంచిది,
ఫొటోలకు కాదు."
అప్పటినుంచి మిణుకు లేని రాత్రుల కోసం
నేనూ ఎదురుచూడడం నేర్చుకున్నాను,
సముద్రం నూనెలా పడుకుని
తెరచాప దండెం మీది బట్టలా వేలాడే రాత్రుల కోసం.

పున్నమి అంటే ఆమెకు చిరాకు.
"నిండు చంద్రుడు సున్నం కొట్టిన గోడ.
గుంట లేదు, గట్టు లేదు."
అష్టమి నాడు రమ్మంటుంది.
వెలుగు ఆగి చీకటి మొదలయ్యే ఆ అంచున
అప్పుడే పొద్దు పొడుస్తుంటుందట.
చిన్న దిబ్బ కూడా ఆమడ పొడవు నీడ వేస్తుంది.
నేను చూశాను: ఒక గుంట నడుమ ఒకే ఒక్క శిఖరం,
చుట్టూ నలుపు, కొసన మాత్రం ఎండ,
తట్ట అడుగున మిగిలిపోయిన ఒక్క చేపలా.

గురుడి సంగతి వేరు.
పది గంటల్లో ఒక చుట్టు తిరిగేస్తాడు.
కొన్ని నిమిషాలు దాటాయా, పట్టీలు అలుక్కుపోతాయి.
ఈ గురువు చెప్పిన పాఠం మళ్ళీ చెప్పడు.
అందుకే ఆత్రంగా వీడియో తీస్తుంది,
ముప్పై వేల ముఖాలు,
ఎక్కువ భాగం కదిలే నీళ్ళలో చూసుకున్నవే.
తెల్లవార్లూ కంప్యూటర్ ఏరుతుంది.
గాలి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినప్పటివి
వెయ్యో, రెండు వేలో.
వాటిని ఒకదానిపై ఒకటి పేరుస్తుంది.
గరుకు పోతుంది. గీతలు తేలతాయి.
ఆ తర్వాత పదును పెట్టే మీట ఒకటుంది.
ఒకసారి దాన్ని చివరిదాకా జరిపాను.
గురుడి చుట్టూ తెల్లని అంచు, ఒంటినిండా పొలుసులు.
"ఉప్పు ఎక్కువైంది" అంది, పారేసింది.

తుఫాను దాటిపోయిన మూడో రాత్రి
తెర మీద, గురుడి పొట్టపై నల్లటి చుక్క.
"దుమ్ము" అన్నాను, గాజు తుడవడానికి గుడ్డ తీశాను.
ఆమె నా చెయ్యి పట్టుకుంది.
మీట నొక్కి గురుణ్ణి కాస్త పక్కకు జరిపింది.
దుమ్మైతే ఉన్నచోటే ఉండాలి.
చుక్క గురుడితో పాటు జరిగింది.

ఇద్దరం మాట్లాడలేదు.
అక్కడెవరో చందమామ ఎండకు అడ్డంగా నడుస్తున్నాడు.
బ్యాటరీ పద్దెనిమిది శాతం.
సరిగ్గా అప్పుడే పక్కింటి ఆర్సెన్యో
పంది మాంసం కాల్చడం మొదలుపెట్టాడు.
వేడి మా వైపే, గురుడు ఉడికిపోతున్నాడు.
ఆమె గోడ మీదుగా అరిచిన బూతులు ఇక్కడ రాయలేను.
అతను బొగ్గుల మీద నీళ్ళు చల్లి,
పళ్ళెం పట్టుకుని వచ్చి తెరలోకి తొంగిచూశాడు.
"ఇంతేనా? ఈగ వాలినట్టుంది."
ఆమె ఏమీ అనలేదు, అతని పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుంది.

పొద్దున్న తట్టల దగ్గర ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.
ఒక చేప మీద నల్లటి మచ్చ చూసి ఆగింది.
అటూ ఇటూ తిప్పింది.
గోటితో గీకింది. పోయింది.
మనీలా తట్టలో వేసింది.